ఆ మనిషి

“శిక్షలు పెంచితే నేరాలు తగ్గుతాయా?”

అనిల్‌కు ఆ రోజు దొరికిన ప్రశ్న అది. నాగర్‌కర్నూల్ కోర్టు గేటు ముందు నిలబడి, కనిపించిన వాళ్లందరి మూతి దగ్గరా మైకు పెడుతున్నాడు. వనపర్తిలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, సొంతంగా యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్న కుర్రాడు. చూసేవాళ్లు తక్కువ, మాటలు ఎక్కువ.

జవాబులకేం కొదవ లేదు. చాయ్ బండి వెంకట్రాములు ఉరి తీయాలన్నాడు. అక్కడే చాయ్ తాగుతున్న ఒక పెద్దమనిషి ఉరి కూడా తక్కువే అన్నాడు. అన్న మరుక్షణమే హెల్మెట్ లేకుండా బండెక్కి, పోలీసు లేని సందు చూసుకుని వెళ్లిపోయాడు.

గోడ నీడలో ఒక ఆడమనిషి ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి. అందులోంచి మడతపెట్టిన మగవాళ్ల చొక్కా ఒకటి కనిపిస్తోంది.

“ఆమెను అడుగు,” అన్నాడు వెంకట్రాములు గొంతు తగ్గించి. “మణెమ్మ. అమ్రాబాద్ దిక్కు. పందులకని చేను చుట్టు పెట్టిన కరెంటు తీగ తగిలి కొడుకు పోయిండు. తీగ పెట్టినోనికి బెయిలొస్తదో రాదో ఇయ్యాల తేలుతదట.”

అనిల్ గబగబా వెళ్లాడు. ఇలాంటి కడుపుకోత దొరికితేనే వీడియో నాలుగు ఊళ్లు తిరుగుతుంది. పాపం, వాడి బతుకుతెరువు అది.

“అమ్మా, తీగ పెట్టినోనికి ఏం శిక్ష పడాలె?”

మణెమ్మ తలెత్తి చూసింది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన ముఖం.

“ఆ మనిషి బయటికి రావొద్దు. ఎన్నేండ్లయినా లోపల్నే ఉండాలె. గంతే.”

“ఎవరమ్మా ఆ మనిషి? పేరు చెప్పు, అందరు ఇననీ.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“భయపడకు. నేనున్న గద.”

“భయం గాదు బిడ్డా. ఆ పేరు నా నోట్లకెళ్లి రాదు.”

అనిల్ ఫోను తన వైపు తిప్పుకుని గొంతు బరువు చేసుకున్నాడు. “చూశారా? కొడుకు చావుకు కారణమైన వాడి పేరు పలకడానికి కూడా ఈ తల్లి నోరు ఒప్పుకోవడం లేదు.”

మణెమ్మ అనిల్‌ను వింతగా చూసింది.

“జైలంటే భయం లేకనే గద గిట్ల చేస్తుండ్రు?” అనిల్ మళ్లీ ప్రశ్నలోకి వచ్చాడు.

“అందరికి ఎరికే. ఊర్ల దండోరా ఏసిండ్రు, తీగ పెడితే పదేండ్లు జైలని. ఆ మనిషి గూడ ఇన్నడు. ఇని, ‘నాకు చెప్పుడు గాదు, పందులకు చెప్పుండ్రి’ అన్నడు. పోయినేడు పల్లి చేనంత అవే మేసినయి.”

“అంటే ఎవ్వరు భయపడలే?”

“నా కొడుకు భయపడ్డడు.” మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పోలీసోళ్లొస్తరు, తీగ సూస్తరు, పట్కపోతరు అని ఒకటే రంది పెట్టుకుండె. తెల్లారకముందే లేసి, తీగ తీసేసొస్తనని పోయిండు. కరెంటు ఇంక ఉన్నదని తెల్వలే పిల్లగానికి.”

అనిల్ ఫోను ఆమె ముఖానికి గురిపెట్టాడు. ఊరివాళ్లకు ఏమీ కాకూడదని ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడు. వీడియోకు పేరు కూడా అప్పుడే తట్టింది. ఆ సంచిలో చొక్కా ఆ పిల్లవాడిదే అయి ఉంటుందని, దాన్ని కూడా దగ్గర నుంచి ఫోనులో తీశాడు.

“బిడ్డా, ఒక మాట చెప్తవా? లోపల రాత్రిపూట గూడ కాపలా ఉంటరట గద?”

“ఉంటరు. నువ్వు పరేషాన్ గాకు.”

“చేతికి ఏం దొరకనియ్యరు గద?”

“ఏం దొరకనియ్యరు.”

ఆమె నిండుగా ఊపిరి వదిలింది. “గట్లయితే లోపల్నే మంచిది. బయటికొస్తే ఇంకో పానం పోతది.”

“బెదిరిస్తుండా?”

“లేదు. నోరే తెరుస్తలేడు. గందుకే నాకు భయం.”

అనిల్ మైకు కిందికి దించాడు. ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. తీగ పెట్టినవాడు బయటికి వచ్చి ఈమెను ఏమైనా చేస్తే దిక్కెవరని నిజంగానే దిగులు పుట్టింది. ఈ బెయిలు రాకపోతే బాగుండునని తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

కాసేపటికి కోర్టు మెట్లు దిగి ఒక మనిషి వీళ్ల వైపే గబగబా రాసాగాడు.

“తీగ పెట్టినోని తమ్ముడు,” అన్నాడు వెంకట్రాములు బండి దగ్గర నుంచి. “అన్నను ఇడిపిస్తనని పొద్దున వకీలుతోని తిరిగింది ఈయననే.”

అనిల్ లేచి మణెమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. గొడవైతే ఆపాలన్న ఆలోచనే తప్ప, ఫోను సంగతి గుర్తే రాలేదు.

ఆ తమ్ముడు వాణ్ణి పక్కకు జరిపి, మణెమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె ఒళ్లోని సంచి అందుకుంటూ మెల్లగా అన్నాడు: “అన్నకు బెయిలొచ్చింది వదినా, లే, ఇద్దరం చెరొక రెక్క పట్టుకొని ఇంటికి తోల్కపోదం.”