పెట్టె వెనక బటన్

"ఆ కార్డు పీకి పారెయ్యమ్మాయ్!" మామగారు మౌస్‌ని బల్ల మీద విసిరికొట్టారు.

మళ్ళీ ఓడిపోయారని కోడలికి అర్థమైంది. ఇళ్ళ ప్లాన్లు గీసే పని ఆమెది. పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, వేగం కోసం అందులో కొత్త ప్రాసెసర్ కార్డు వేయించింది. ప్లాన్లు చకచకా వస్తున్నాయి. మామగారి చదరంగానికే ముప్పొచ్చింది. మొన్నటిదాకా మూడెత్తులకు మించి ముందుకు చూడలేని యంత్రం, ఇప్పుడు అంతే సమయంలో ఆరెత్తులు చూసేస్తోంది.

"పీకేస్తే నా పనెలా మామయ్యా? కంప్యూటర్ పెట్టె వెనక బటన్ ఉంది, ఆపకుండానే మార్చుకోవచ్చు. ఒకసారి నొక్కితే పాత ప్రాసెసర్, మళ్ళీ నొక్కితే కొత్తది. మీరు ఆడేటప్పుడు పాతది పెట్టుకోండి."

"పాతదాన్ని ఎన్నిసార్లు చిత్తు చెయ్యలేదూ! నా మీద జాలి చూపించకు. కొత్తదాన్నే ఓడిస్తా. అప్పటిదాకా గడ్డం గీసుకోను."

అన్నంత పనీ చేశారు. ఇరవై రోజులు, ఇరవై ఓటములు. గడ్డం గుచ్చుకుంటోందని మనవరాలు ఒళ్ళో కూర్చోవడం మానేసింది. అది మాత్రం ఆయన తట్టుకోలేకపోయారు. ముద్ద దిగడం లేదు. అయినా తెల్లారేసరికి మళ్ళీ కుర్చీలో హాజరు.

ఇరవై ఒకటో రోజు కోడలి మనసు ఆగలేదు. ఆట మొదలైన కాసేపటికి, బల్ల తుడిచే వంకతో చెయ్యి వెనక్కి పోనిచ్చి బటన్ నొక్కేసింది. ఏ ప్రాసెసర్ నడుస్తోందో తెర మీద తెలిసే వీల్లేదు. ఆయన తలెత్తి చూడనైనా లేదు.

ఎందుకో ఆ రోజు మామగారు ఎక్కడా తడబడలేదు. మంత్రిని ధైర్యంగా ముందుకు తోశారు. రెండు గంటలు చెమటోడ్చి, యంత్రం రాజుని మూలకి నెట్టి ఆట కట్టించారు.

"తాతయ్య గెలిచాడు!" మనవరాలు ఎగిరి గంతేసింది. కోడలే పరుగున వెళ్ళి రేజర్ తెచ్చిచ్చింది.

మొహానికి నురుగు పట్టించి అద్దం ముందు నిలబడ్డారు గాని, ఆయనకి చెయ్యి ఆడలేదు.

"నీ దగ్గర దాచలేనమ్మాయ్. పిల్ల కోసం కక్కుర్తి పడ్డాను. ఇవాళ ఆట మొదలెట్టే ముందే ఆ బటన్ నొక్కేశా. నేను గెలిచింది పాతదాన్నే."

కోడలు ఫక్కున నవ్వేసింది.

"నిక్షేపంగా గీసుకోండి మామయ్యా! ఆట మధ్యలో నేనూ ఒకసారి నొక్కాను."