మంచు లేదంది బస్సు

మా చంటిదానికి జ్వరం, నర్సీపట్నం ఆసుపత్రికి దిగాలి. ఎన్నడూ లేనిది, నిన్న కురిసి పేరుకున్న మంచు లంబసింగి ఘాటు రోడ్డునీ లోయనీ ఒకటి చేసేసింది. డ్రైవరు లేని బస్సు మాత్రం, "మంచు లేదు, దారి బాగా కనిపిస్తోంది, ఎక్కండి" అంది.

నేను ఎక్కలేదు.

"ఆరో తరగతితో బడి మానేసినదానివి, బస్సుకే పాటాలు సెప్తావేటే?" అంది మా అత్త చిలకమ్మ.

"మనకాడ ఇన్నాళ్ళూ మంచంటే పొగమంచే కదత్తా. ఇదీ అదే నేర్సుకుంది. కాళ్ళకింద మంచు దీనికి తెల్దు. కంటికి అడ్డమొస్తేనే మంచంటాది."

గుప్పెడు మంచు తీసి బస్సు ముందున్న కెమెరా కంటికి మెత్తాను.

"మంచు దట్టంగా ఉంది. ఎవరైనా మాట్లాడుతూ ముందు నడవండి, ఆ గొంతు వెంటే వస్తాను" అంది.

చంటిదాన్నెత్తుకుని నేను ఎక్కాను. అత్త కర్రతో రోడ్డు తడుముతూ, నన్ను తిడుతూ ముందు నడిచింది. ఆ తిట్ల వెనకే బస్సు మెల్లగా ఘాటు దిగింది.