గోడ అవతలి ఈల

“ఆ ఈల నేను వేయలేదు!” అని ఎమ్లిన్ కాపరి కుక్కల పోటీ మైదానం మధ్యలో నిలబడి అరిచాడు.

అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అతని కుక్క నెల్ ఐదు గొర్రెలను చివరి గేటు దాకా ముచ్చటగా తోలుకొచ్చింది. ఆ గేటు ఎమ్లిన్ పెరటి రాతిగోడ పక్కనే ఉంది. ఇంకో పదడుగులు నడిపిస్తే చాలు. సరిగ్గా అప్పుడే గోడ వైపు నుంచి పొడవాటి ఈల వినిపించింది. ‘పడుకో’ అని చెప్పే ఈల. నెల్ ఉన్నచోటే గడ్డిలో బోర్లా పడుకుంది. గొర్రెలకు అంతకంటే ఏం కావాలి? తలో దిక్కూ పట్టాయి. న్యాయనిర్ణేత వాళ్ల వంతు అయిపోయిందని గంట కొట్టేశాడు.

నెల్‌కు తొమ్మిదేళ్లు. ఈ పోటీ నెగ్గితే వేల్స్ జట్టులో చోటు దొరికేది. వచ్చే ఏడాదికి దాని కాళ్లు ఒప్పుకోవు. అందుకే ఈసారి పోటీలకు తన పొలమే ఇచ్చాడు ఎమ్లిన్. దానికి అలవాటైన నేల అని.

అగ్గి మీద గుగ్గిలమవుతూ అతను గోడ దగ్గరికి వెళ్లాడు. పక్క పొలం తెగ్విన్ గోడ మీద కూర్చుని కేకు తింటున్నాడు.

“ఎందుకు చేశావురా ఈ పని?”

“ఏ పనిరా?”

“నంగనాచి మాటలొద్దు. అది మా నాన్న ఈల. ఆయన ఇద్దరికే నేర్పాడు. ఒకణ్ణి నేను. రెండోవాడివి నువ్వు.”

అతనన్నదీ నిజమే. ఆ కొండల్లో ఏ కాపరి ఈల వాడిదే. పరాయి ఈలకు కుక్క చెవి కూడా కదపదు.

“నోటి నిండా కేకు పెట్టుకుని ఈల ఎలా వేస్తారురా? మతిగానీ పోయిందా?”

“వేసేసి కుక్కుకున్నావు!”

చుట్టూ ఉన్నవాళ్లు పట్టుకోకపోతే ఆ కేకు ఎక్కడికి పోయేదో చెప్పలేం.

ఈ కోపం ఒక్కరోజుది కాదు. మే నెల నుంచీ ఉడుకుతోంది. కుక్కకు తర్ఫీదు ఇస్తుంటే చాలు, గోడ అవతల ఎక్కడో ఈల. నెల్ పడుకునేది. అది చాలదన్నట్టు టెలిఫోనొకటి. గొర్రెలను నడిమధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చి ఎత్తితే అవతల ఎవరూ ఉండరు.

“ఇదీ వాడి పనే. నన్ను కుదురుగా ఉండనివ్వకూడదని” అని ఎమ్లిన్ పళ్లు నూరేవాడు.

“మోగిందా? నేను దీని పక్కనే ఉన్నాను, నాకేం వినబడలేదే” అనేది అతని భార్య మెన్నా.

“నీ చెవులకు తుప్పు పట్టింది.”

“నా చెవుల సంగతి తరవాత. ముందు ఆ పొగగొట్టంలో పిట్టల గూడు తీయించు. వంటిల్లంతా పొగ.”

“వాటి జోలికి పోకు. నా గొర్రెల వీపు మీద పురుగులు ఏరుకు తింటున్నాయి. ఆ పిట్టలకున్న విశ్వాసం కూడా లేదు తెగ్విన్‌గాడికి.”

వారం తిరక్కుండా ఎమ్లిన్ కాపరుల సంఘం సమావేశం పెట్టించాడు. ఇంకొకరి కుక్కకు బయటి నుంచి ఈల వేసినవాణ్ణి జన్మలో పోటీ మైదానం తొక్కనివ్వకూడదన్నది వాళ్ల నియమం. కార్యదర్శి ప్రైస్ గారు కళ్లజోడు సర్దుకుని, “బాగా ఆలోచించుకో ఎమ్లిన్. ప్రమాణం చేసి చెప్పగలవా?” అని అడిగారు.

“తీసుకురండి బైబిలు.”

దాని మీద చెయ్యి పెట్టి చెప్పాడు. గోడ మీద ఉన్నది తెగ్వినే, ఆ ఈల తెగ్విన్‌దే అని.

“నువ్వేమంటావు తెగ్విన్?”

తెగ్విన్ ఎమ్లిన్ వైపు తిరిగాడు. “నలభై ఏళ్లు కొండ మీంచి నీ మందనీ నా మందనీ కలిపే దింపాం. నేను వేయలేదని ఒకసారి చెప్పాను. నీకు రెండోసారి చెప్పాల్సి వస్తే ఇంక చెప్పడమెందుకురా?” అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నియమం ప్రకారం సంఘం అతన్ని పోటీల నుంచి వెలి వేసింది. రెండు పొలాల మధ్య గేటుకు ఆ సాయంత్రమే గొలుసు పడింది. తెగ్విన్ మందను అమ్మేశాడు. పాలచుక్క పోసి పెంచిన పడుచు కుక్కను ఎవరికో ఇచ్చేశాడు. సోమవారం బస్సెక్కి కూతురి దగ్గరికి, కార్డిఫ్‌కు వెళ్లిపోయాడు. కొండ మీద గొర్రెలు లేని కాపరి ఉండి మాత్రం ఏం చేస్తాడు?

“పీడ విరగడైంది” అన్నాడు ఎమ్లిన్.

ఆ మర్నాటి నుంచి రెండు రోజులు గాలివాన. మూడో రోజు తెరిపి ఇవ్వగానే అతను నెల్‌ను వెంటబెట్టుకుని గోడ పక్క పొలంలోకి దిగాడు. నెల్ హాయిగా గొర్రెలను చుట్టుముట్టి తెస్తోంది. ఇప్పుడు చూడండిరా నా కుక్క పనితనం అనుకున్నాడు.

పొడవాటి ఈల వినిపించింది. నెల్ బోర్లా పడుకుంది.

ఎమ్లిన్‌కు ఒళ్లు మండిపోయింది. “దొంగచాటుగా తిరిగొచ్చావురా! ఇవాళ నీ పళ్లు రాలగొట్టకపోతే చూడు!” అని కర్ర ఎత్తి గోడ దూకాడు.

గోడ అవతల పెరట్లో బట్టలు ఆరేస్తున్న మెన్నా తప్ప ఎవరూ లేరు.

“ఎవరి కోసం? ఆయన సోమవారమే వెళ్లాడుగా. బస్సు దాకా సాగనంపింది నేనే” అంది మెన్నా.

అంతలో టెలిఫోను మోగింది.

“చూస్తావేం? వెళ్లి ఎత్తు!”

“ఏం ఎత్తను? గాలికి తీగ తెగి రెండు రోజులైంది. అది చచ్చి పడి ఉంది.”

మళ్లీ మోగింది. ఆ మోత ఇంట్లోంచి రావడం లేదు. ఎమ్లిన్ కర్ర దించి, మెల్లగా తలెత్తి చూశాడు.

పొగగొట్టం అంచున గోరింక ఒకటి మెడ నిక్కించి, అచ్చం అతనిలాగే ఈల వేసింది.