సర్వీసు నిండేదాకా

"నాలుగు చేతులయ్యాయి. ఐదో ముత్తయిదువ ఏదర్రా?" అంది సంపూర్ణమ్మ.

యానాంలో ఆ వీధి వీధంతా ఆవిడ ఇంట్లోనే ఉంది. కూతురు హరిచందన పెళ్ళి. నడవాలో రోలుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. రోకలికి పసుపుకొమ్ము కట్టారు. ఇక పసుపు కొట్టడమే తరువాయి.

పక్కింటి సత్యకుమారి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నడుం పట్టేసింది పిన్నిగారూ. ఇంకెవరినైనా పిలవండి."

"నడుంతో పనేంటే? చెయ్యి వేస్తే చాలు. నీ మొగుడు దేశంకాని దేశంలో సంపాదించి పెడుతున్నాడు. నీ చెయ్యి పడితే మా పిల్లకీ కలిసొస్తుంది."

ఎవరో నవ్వారు. ఎవరో ఆమె మెడకి గంధం రాశారు. ఇంకెవరో నుదుట కుంకుమ దిద్దారు. సత్యకుమారి కదలకుండా నిలబడింది. రోకలి లేచింది, దిగింది. దాని మీద ఆమె చెయ్యి ఉందన్న మాటేగానీ, బలమంతా మిగిలిన నలుగురిదే.

అత్తగారు అచ్చాయమ్మ ఆ దరిదాపులకి రాలేదు. భర్త పోయినప్పటినుంచీ ఆవిడ పెళ్ళిళ్ళలో పెరటి అరుగు మీదే కూర్చుంటుంది. ఎవరూ కూర్చోమనలేదు. ఆవిడే కూర్చుంటుంది. పసుపు కొట్టడం అవగానే సత్యకుమారి వెళ్ళి ఆవిడ పక్కన చేరింది.

"నువ్విక్కడేంటే? లోపలికి పో," అని కసిరింది అచ్చాయమ్మ.

"ఇక్కడ గాలి బాగుంది అత్తయ్యగారూ."

యానాంలో చాలామందిలాగే సత్యకుమారి భర్త మణిశంకర్ కూడా ఫ్రాన్సు వెళ్ళాడు. పెళ్ళయిన మరుసటి ఏడాదే వెళ్ళి ఒక హోటల్ వంటింట్లో చేరాడు. అక్కడినుంచి జర్మనీకి మారాడు. రెండు దేశాల్లో చేసిన సర్వీసూ కలిపి లెక్క వేస్తారని, ఏళ్ళు నిండితే మనిషి ఉన్నా లేకపోయినా ఇంటికి పెన్షన్ వస్తుందని, నిండకపోతే ఏమీ రాదని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాడు. పొలం పుట్రా లేని ఇల్లు. అత్తాకోడళ్ళకి ముందుముందు అదే ఆధారం.

రెండేళ్ళ కిందట సెలవు మీద వస్తున్నానంటే, మరిది అప్పాజీని వెంటబెట్టుకుని సత్యకుమారి బొంబాయి వెళ్ళింది. వారం తరవాత ఒక్కతే తిరిగొచ్చింది.

"అర్జంటుగా రమ్మని కబురొచ్చింది. అటునుంచటే వెళ్ళిపోయారు," అని చెప్పింది. అప్పాజీకి బొంబాయిలోనే ఏదో కంపెనీలో పని దొరికిందంది. వస్తూ వస్తూ రాజమండ్రిలో దిగి, గోదావరిలో తల మునిగి వచ్చింది.

ఆ తడిజుట్టు చూసి అచ్చాయమ్మ చీవాట్లు పెట్టింది. "ప్రయాణం చేసొచ్చిన ఒళ్ళు. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పోసుకోకూడదూ?"

అప్పట్నుంచీ ఫోన్లే. అవీ సంపూర్ణమ్మ ఇంటికే వస్తాయి. అచ్చాయమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. కోడలు ఏది చెబితే అదే కొడుకు మాట.

"ఎప్పుడొస్తాట్ట?"

"సర్వీసు నిండాకట అత్తయ్యగారూ."

ఒకసారి ఫోటో వచ్చింది. చుట్టూ మంచు, మెడకి మఫ్లరు, చెవులదాకా టోపీ. అచ్చాయమ్మ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చిక్కిపోయాడే నా తండ్రి."

సంపూర్ణమ్మ కూడా తొంగి చూసింది. "చిక్కేసరికి అచ్చం తమ్ముడి పోలిక వచ్చేసిందండీ!"

సత్యకుమారి ఫోటో అందుకుని బీరువాలో పెట్టేసింది. మళ్ళీ తియ్యలేదు.

ఆమెకి ఆకలి తెలియడం మానేసి చాలాకాలమైంది. శుక్రవారం తలంటుకుంటుంది. పువ్వులు పెట్టుకుంటుంది. పిలిచిన పేరంటానికల్లా వెళ్తుంది. వాయనం శనగలు తెచ్చి ఆవుకి పెట్టేస్తుంది. ఎక్కడైనా ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేస్తుంది.

"సత్యకుమారీ, గాజులు!" లోపల్నుంచి కేకేశారు.

హాలు నిండా ఆడవాళ్ళు. గాజులమ్మే ఆవిడ మధ్యలో మలారం విప్పుకుని కూర్చుంది. సత్యకుమారి చెయ్యి చాపింది. ఆకుపచ్చ మట్టిగాజులు ఒక చేతికి ఎక్కాయి. రెండో చెయ్యి చాపేలోగా ఫోన్ మోగింది.

హరిచందన ఎత్తి, మాట్లాడే వైపు చేత్తో మూసి నవ్వింది. "మీ ఆయనే. ఫారిన్ కాల్."

సత్యకుమారి లేచి రిసీవర్ అందుకుంది.

"ఏవండీ," అంది, అందరికీ వినపడేలా.

అటువైపు హోరు. దాని వెనక ఊపిరి.

"ఊఁ... అత్తయ్యగారు బాగానే ఉన్నారండీ. ఇక్కడ హరిచందన పెళ్ళి. ఇందాకే పసుపు కొట్టాం."

"పెళ్ళికి రాలేదని నాకు కోపంగా ఉందని చెప్పవే!" అని అరిచింది సంపూర్ణమ్మ. హాలంతా గొల్లున నవ్వింది.

"పిన్నిగారికి కోపంగా ఉందటండీ."

ఆ నవ్వుల్లో అటువైపు మాట సరిగ్గా వినపడలేదు. సత్యకుమారి రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. గాజులామె ఆమె రెండో చెయ్యి అందుకుని, వేళ్ళు ఒత్తుతూ గాజు ఎక్కిస్తోంది.

"సర్వీసు నిండింది వదినా," అన్నాడు, అన్న బొంబాయి ఆసుపత్రిలో పోయిన నాటినుంచీ అన్న పాస్‌పోర్టుతో, అన్న పేరుతో జర్మనీలో అన్న ఉద్యోగమే చేస్తున్న అప్పాజీ, "ఇంక నువ్వు అన్నయ్య కోసం ఏడవచ్చు."