కొట్టేసిన మేడిచెట్టు

ఇసబెల్ దీవిలో నెస్టా వాళ్ల వంశానికి ఉన్న కొండమీద ఆ రోజు కలప కంపెనీ వాళ్లు పెద్ద మేడిచెట్టును కొట్టేశారు. కొట్టుకోమని కాగితం మీద సంతకం పెట్టింది ఆమె తమ్ముడు ఎలిసన్. ఆ చెట్టు తొర్రలో తాతల నాటి నుంచీ నలికిరులు, పెద్ద బల్లుల్లాంటివి, కాపురం ఉంటున్నాయి. మూరన్నర పొడుగుండి, కొమ్మకు తోక చుట్టుకుని, రాత్రిళ్లు ఆకులు మేస్తాయి.

చీకటి పడగానే నెస్టా తమ్ముడి చెయ్యి పట్టుకుని కొండెక్కించింది.

"చూడరా, నువ్వు చేసిన పని కళ్లారా చూడు."

పడివున్న మాను తొర్రలోకి ఎలిసన్ టార్చి వేశాడు. తల్లి నలికిరీ, దాని వీపు మీద పిల్లా నలిగిపోయి ఉన్నాయి.

"బల్లుల కోసం ఇంత గొడవేంటక్కా?"

"నోర్ముయ్! మమ్మల్ని ఒక్క మాట అడిగావా?"

అప్పుడు పైనుంచి ఆకులు నమిలే చప్పుడు వినిపించింది. ఎలిసన్ టార్చి పైకి తిప్పాడు. అక్కడ కొమ్మ లేదు, ఆకు లేదు. ఖాళీ ఆకాశంలో చుక్కలున్నాయంతే. నమలడం మాత్రం ఆగలేదు.

కొరికిన ఆకు ముక్కొకటి అతని మణికట్టు మీద పడింది. ఇంకా తడిగా ఉంది.

"పోదాం పదక్కా," అన్నాడు వెనక్కి అడుగేస్తూ.

నెస్టాకూ భయమేసింది. అయినా కోపం చల్లారలేదు. సంతకం పెట్టిన ఆ చేతిని ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంది.

"ఎక్కడికిరా? కూర్చో."

లేని మాను మీద గోళ్లు గీసుకుంటున్న చప్పుడు; కంటికి కనబడని నలికిరులు, ఒకటి కాదు, ఎన్నో కిందికి దిగుతున్నాయి. ఎలిసన్ గింజుకున్నాడు. ఆమె వదల్లేదు.