చావని ఉత్ప్రేరకం

"ఇంకా సస్తలేదా నీది?" నా మెట్టెల చప్పుడు విని, తల తిప్పకుండానే అడిగింది హుస్నా.

మా కరీంనగర్ ల్యాబులో రియాక్టర్ ఒక్కటే. అందులో ఎవరి ఉత్ప్రేరకం ఉంటే, అది చచ్చేదాకా, అంటే పనిచేయడం మానేదాకా, రియాక్టర్ వాళ్లదే. ప్రొపేన్‌ను ప్లాస్టిక్‌కు పనికొచ్చే ప్రొపిలీన్‌గా మార్చే నా ప్లాటినం-తగరం పొడి ఎంతకీ అలసిపోవడం లేదు. వంతు రాక హుస్నా ఫెలోషిప్ గడువు కరిగిపోతోంది.

"షాదీ చేసుకొనొచ్చి గాజులు గలగలమనిపియ్యి. నేను గీడ్నే ముసల్దాన్నయిత."

"నా సంతోషం నీకేం అడ్డమొచ్చిందే?"

"నీ పొడి అడ్డమొచ్చింది."

ఉక్రోషంగా నా పెళ్లి సెలవుల నాటి ప్రొపిలీన్ దిగుబడి గ్రాఫ్ తెరిచాను. పొడికి మసి పట్టినప్పుడల్లా గాలి వదిలి ఆ మసిని కాల్చేయాలి, లేకపోతే పొడి చచ్చిపోతుంది. మా ఆయనతో కొండగట్టు తిరిగిన సంబరంలో ఆ పని ఎవరికీ అప్పజెప్పనే లేదు. అయినా పడిపోయిన ప్రతిసారీ గీత మళ్లీ పైకి లేచింది.

"గాలి ఎవలు ఇడిశిన్రే?"

"దయ్యం."

"హుస్నా! నువ్వు ఊకుంటే అది సచ్చిపోతుండె గద. నీ వంతొస్తుండె."

"నేను సంపితే అది సచ్చినట్టెట్లయితది?"

నేను లేచి ప్రొపేన్ వాల్వు కట్టేశాను.

"జాలి సూపిస్తున్నవా?" హుస్నా కస్సుమంది.

"జాలి లేదు, ఏం లేదు. ఇది సావదని నువ్వే సూపెట్టినవ్. ఇగ నీది ఎక్కియ్యి."

హుస్నా తన పొడి సీసా అందుకుంది.

"నా దానికి మసి పట్టిననాడు రాకపోతివో, గా గాజులన్నీ పలగ్గొడ్త."