కొండ అవతలి కలుగులు

సింహం వేయిస్తున్న దారికి ఎవరి కలుగు అడ్డమొస్తే వాళ్ల గుమ్మం ముందు నక్క రాయి పాతేది. వాళ్ల తరఫున ఉడుము వకీలు వాదించేవాడు. "ఒక కలుగు పోతే కొండ అవతల రెండు ఇవ్వాల్సిందే!" అని పట్టుబట్టి ప్రతిసారీ గెలిచేవాడు.

"ఉన్నది ఉంచమని అడగవయ్యా" అని ఏదుపంది అవ్వ ఏడిస్తే, "పిచ్చిదానా, రెండు వస్తుంటే!" అని నవ్వాడు.

ఒకరోజు తెల్లారేసరికి ఉడుము గుమ్మం ముందే రాయి ఉంది.

అప్పుడు మొదటిసారి కొండ దాటి వెళ్లాడు. తను గెలిచిన కలుగులన్నీ బారులు తీరి ఉన్నాయి. ఏ గుమ్మంలోనూ అడుగుజాడ లేదు. అన్నిటికీ సాలెగూళ్లు పట్టాయి.

"అవ్వా!" అని పిలిచాడు. లోపల్నుంచి తన గొంతే తిరిగొచ్చింది.

వెనక నక్క మెల్లగా దగ్గింది.

"మీకైతే మూడు ఇస్తాం, వకీలుగారూ."